పాపం కోర్సో దొనాతి గారు

1308 అక్టోబర్ 6న ఫ్లోరెన్స్‌లో కోర్సో దొనాతి అనే పెద్దమనిషికి జరిగిన అన్యాయం గురించి ఎవరూ నోరు విప్పరేంటండీ. ఆరోపణ, సమన్లు, దేశద్రోహి అని తీర్పు, అన్నీ గంట లోపే ముగించేశారంట, ఆ ఊరి చరిత్రకారుడు విల్లానీయే రాసిపెట్టాడు.

ఇంతకీ ఆయన చేసిన తప్పేంటి? 1289లో కంపాల్దీనో యుద్ధంలో కదిలితే తల తీసేస్తాం అని ఆర్డరేస్తే, ఓడితే ఇక్కడే చస్తా, గెలిస్తే శిక్షేసేవాళ్లు నన్ను వెతుక్కుంటూ నేను అధికారిగా ఉన్న పిస్తోయా ఊరికి రండి అని దూకేసి గెలిపించాడు. అప్పట్నుంచీ రూల్స్ తనకి కాదని ఓ నమ్మకం, నమ్మకం ఉండటం కూడా నేరమేనా?

ఇక ఎదుటి వర్గం నాయకుడు వియేరి దె చెర్కి, కొత్తగా డబ్బు చేసిన బ్యాంకర్. ఇద్దరిదీ పోప్ పార్టీయే లెండి, కాకపోతే కోర్సోది నల్ల వర్గం, వియేరిది తెల్ల వర్గం. మన కోర్సో గారు వియేరి గురించి "ఆ గాడిద ఇవాళ ఓండ్ర పెట్టిందా?" అని మర్యాదగా కుశలం అడిగేవాడు. 1301 నవంబర్‌లో ఫ్రాన్స్ రాజు తమ్ముడు శాంతి నెలకొల్పడానికని పోప్ పంపితే వచ్చాడు, ఆ శాంతి వెనకాలే బహిష్కరణలో ఉన్న కోర్సో కూడా ఊళ్లోకి దిగి జైళ్లు తెరిపించి, పాలకుల్ని ఇళ్లకి పంపించి, తెల్ల వర్గం ఇళ్లని రోజుల తరబడి దోపించాడు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది, తిట్టడానికి ఎదుటివాళ్లు మిగల్లేదు. దాంతో నల్ల వర్గంలోనే అసమ్మతి వర్గం పుట్టింది, రోసో దెల్లా తోసా బ్యాచ్ పెత్తనమంతా పట్టుకుపోయింది, ఇంత చేసినోడికి ఏం మిగిలిందని ఈయన అలిగి పోప్ పార్టీకి పడని శత్రుపక్షం సేనాని ఉగుచ్చోనే కూతుర్ని చేసుకున్నాడు. అంతే, దేశద్రోహం.

వీధికి అడ్డాలు కట్టుకుని మామగారి సైన్యం కోసం ఎదురుచూశాడు, మామగారేమో సగం దారిలోంచే వెనక్కి తిరిగిపోయాడు. గౌట్ నొప్పితో ఆయుధం పట్టలేని మనిషి పారిపోతుంటే కటలాన్ కిరాయి సైనికులు పట్టుకున్నారు. డబ్బిస్తానన్నాడు, వద్దన్నారు (ఆ కాలపు ఇటలీలో ఇదీ వింతే). శాన్ సాల్వి మఠం దగ్గర గుర్రం మీంచి పడ్డాడు, గొంతులో ఈటె దించారు.

ఈయన తిరిగొచ్చాకే 1302లో ఊరి నుంచి గెంటేసినవాళ్లలో డాంటే అనే కవి ఒకడు, ఆయనకి పిల్లనిచ్చింది కూడా దొనాతీలే. చుట్టరికం మర్చిపోలేదు పాపం: తన 'డివైన్ కామెడీ' కావ్యంలో కోర్సో తోబుట్టువుల్లో ఒకరిని స్వర్గంలో కూర్చోబెట్టాడు, ఇంకొకరిని ప్రాయశ్చిత్త లోకంలో పెట్టాడు, ఆ రెండోవాడి నోటితోనే కోర్సోని నరకానికి ఈడ్పించాడు.