చదువుకున్న కౌంటీ, చెడిపోయిన ఓటు

అమెరికాలో విశ్వవిద్యాలయం పెడితే చదువు వస్తుందో రాదో గానీ, చుట్టుపక్కల కౌంటీకి (మన జిల్లా లాంటిది లెండి) మాత్రం తెగులు పట్టుకుంటోంది. ఎన్నికల రాత్రి టీవీలో కాన్సాస్ మ్యాప్ చూడండి. మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా అంతా ఎరుపే, మధ్యలో కొద్దిపాటి నీలి మరకలు. (మన దగ్గర ఎరుపంటే కమ్యూనిస్టులు, అక్కడ రిపబ్లికన్లు; నీలమంటే బైడెన్ గారి డెమొక్రాట్లు. తికమకపడకండి.) ఆ మరకల్లో ఒకటి డగ్లస్ కౌంటీ, కాన్సాస్ విశ్వవిద్యాలయం ఉన్న చోటు.

విస్కాన్సిన్ సంగతి మరీ ఘోరం. మాడిసన్ క్యాంపస్ ఉన్న డేన్ కౌంటీ ఒక్కటే 2020లో బైడెన్‌కి దాదాపు 1.81 లక్షల ఆధిక్యం కట్టబెట్టింది. రాష్ట్రం మొత్తం మీద ఆయన గట్టెక్కింది 20,682 ఓట్లతో! నిజమే, వాళ్లంతా విద్యార్థులు కారు. రాజధానీ అదే కాబట్టి ఉద్యోగులున్నారు, ప్రొఫెసర్లున్నారు. కానీ ప్రొఫెసర్‌ని ఆపలేం, జేబులో డ్రైవింగ్ లైసెన్సు ఉంటుంది. కుర్రాడి దగ్గర ఉండేది కాలేజీ కార్డే.

ఈ సూక్ష్మం ముందే పట్టేసింది టెక్సాస్. 2011లో చేసిన చట్టం ప్రకారం పోలింగ్ కేంద్రంలో చూపించే ఫొటో కార్డుల్లో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, విద్యార్థి కార్డు చెల్లదు. ఆ కార్డు ఇచ్చింది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా సరే. తుపాకీ పట్టినవాడి గురించి ఆరా తీసి ఉంటారు, పుస్తకం పట్టినవాడు ఏ ఉద్దేశంతో పట్టాడో ఎవరికి తెలుసు?

విద్యార్థి కార్డు చెల్లకూడదని ఐడహోకి 2023లో గానీ జ్ఞానోదయం కాలేదు. పాపం, అక్కడి విశ్వవిద్యాలయం ఉన్న ఊరి పేరే మాస్కో. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

నార్త్ కరొలైనా వారిది ఇంకా సున్నితమైన చెయ్యి. కార్డుతో పనిలేకుండానే, గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే ఎ అండ్ టి క్యాంపస్ మధ్యలో 2016 మ్యాప్‌తో గీత గీశారు. లారెల్ స్ట్రీట్‌కి ఇటు ఒక నియోజకవర్గం, అటు మరొకటి. రోడ్డు దాటితే ఎంపీ మారిపోయేవాడు. 2018లో రెండు వైపులా గెలిచింది రిపబ్లికన్లే.

అన్ని విశ్వవిద్యాలయాలూ చెడ్డవని అనను. టెక్సాస్ ఎ అండ్ ఎం ఉన్న బ్రాజోస్ కౌంటీ ఎర్రగానే ఉంది. అక్కడ చదువు బాగా చెబుతున్నట్టున్నారు.

ఆదర్శ విద్యార్థి మాత్రం మనవాడే. టెక్సాస్‌లోని డెంటన్‌లో రెండు గదుల్లో నలుగురితో సర్దుకుని, ఎఫ్-1 వీసా మీద చదువుతుంటాడు. జనాభా లెక్కల్లో అతని తలా ఒకటి, ఆ తలల్ని బట్టే కాంగ్రెస్ సీట్లు పంచుతారు. 2020 లెక్కల తర్వాత టెక్సాస్‌కి 2 సీట్లు పెరిగాయి కూడా. ఓటు లేదు కాబట్టి కార్డు గొడవా లేదు.

పోలింగ్ రోజున నరసరావుపేట నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది.

"ఎవరు గెలుస్తార్రా?"

"మనకెందుకమ్మా, ఇవాళ అంట్ల వంతు నాది."