దున్నపోతుకు ఓత్వం

నిన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశం జరిగింది. 48 ఫ్లాట్లు, సెల్లార్‌లో అద్దె కుర్చీలు, ఒక మైకు, మిర్చి బజ్జీలు. నేను సెక్రటరీని. ఎలా అయ్యానంటే, పోయినేడాది సమావేశంలో "సెక్రటరీగా ఎవరుంటారు?" అని అడిగిన క్షణంలోనే నేను టీ కప్పు పక్కన పెడదామని లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టేశారు.

సెక్రటరీ అన్నాక వార్షిక నివేదిక రాయాలి. 23 పేజీలొచ్చింది. బోరు మోటారు ఎన్నిసార్లు కాలింది, లిఫ్టు ఎవరిని మధ్యలో పెట్టుకుని ఆగింది, జనరేటర్ ఎంత డీజిల్ తాగింది, మెయింటెనెన్స్ ఎవరెవరు ఎగ్గొట్టారు (పేర్లు రాయం, ఫ్లాట్ నంబర్లు వేస్తాం; మాకూ మర్యాదలున్నాయి). ఇదంతా వర్డ్‌లో, తెలుగులో. తెలుగే ఎందుకంటే మా అధ్యక్షులు రిటైరైన తెలుగు మాస్టారు. దిద్దడానికి పేపర్లు లేక ఇప్పుడు మమ్మల్ని దిద్దుతుంటారు. లిఫ్టులో "దయచేసి తలుపులు మూయ్యండి" అని ఎవరో అంటించిన కాగితం మీద కూడా ఎర్ర సిరా గీత ఉంటుంది. అది గీసిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు.

నేను రాస్తుంటే ఆయన ఫోన్ చేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి తొమ్మిదికి, ఒకసారి కుక్కర్ మూడో కూతకు.

"అమ్మా, 'అభివృద్ధి' అని రాసిన చోటల్లా ద కింద ధ వత్తు ఇచ్చావా, ద వత్తు ఇచ్చావా? ఒకసారి వెతుకు. నేను లైన్లోనే ఉంటాను."

వెతకడం తేలికే. కంట్రోల్ ఎఫ్ కొడితే ఎడమ పక్కన ఒక గడి తెరుచుకుంటుంది, మాట కొడితే అది ఉన్న చోటల్లా పసుపు పూసినట్టు కనిపిస్తుంది. చూశాను, ఒకచోట తప్పుంది, దిద్దాను. "సరిచేశాను మాస్టారూ" అన్నాను. ఆయన సంతోషించి ఫోన్ పెట్టేశారు. నేను తెరవైపు తిరిగాను. ఫోన్ రాకముందు 6వ పేజీలో సంపు శుభ్రం చేయించిన ఖర్చు రాస్తున్నదాన్ని, ఇప్పుడు 19వ పేజీలో వాచ్‌మన్ చలికోటు దగ్గర ఉన్నాను. ఎస్కేప్ కొట్టాను. గడి పోయింది, నేను మాత్రం చలికోటు దగ్గరే ఉన్నాను. వెనక్కి అంటే ఇదేననుకుని కంట్రోల్ జెడ్ కొట్టాను. నేను వెనక్కి రాలేదు, ఇప్పుడే ఇచ్చిన ధ వత్తు వెనక్కి పోయింది.

పుస్తకమైతే ఉన్న పేజీలో వేలు పెట్టి మిగతావి తిరగేస్తాం. తెరలో వేలెక్కడ పెట్టను? రోజుకు నాలుగు ఫోన్లు, ఫోన్ ఫోన్‌కీ 23 పేజీలు పైకీ కిందికీ దొర్లించడం. రెండో రోజు సాయంత్రానికి నాకో ఉపాయం తట్టింది. వెతకడానికి వెళ్లే ముందు, ఉన్న చోట ఒక మాట గుర్తుగా కొట్టి పెట్టుకోవాలి. పనయ్యాక ఆ మాటనే వెతికితే మళ్లీ అక్కడికే వచ్చి పడతాం. అప్పుడు దాన్ని చెరిపేసి ముందుకు సాగడమే. పశువును గుంజకు కట్టి సంతకు వెళ్లొచ్చినట్టన్నమాట.

ఏ మాట అన్నది పెద్ద ప్రశ్నే అయింది. మొదట "ఇక్కడ" అని పెట్టాను. వెతికితే 41 చోట్ల తేలింది. ఇక్కడ చెత్త వేయరాదు, ఇక్కడ బండి పెట్టరాదు. మా అపార్ట్‌మెంట్ అంతా ఇక్కడే ఉంది. తర్వాత "కాకి". లిఫ్టు బాగుచేసేవాళ్లు కాకినాడ నుంచి వస్తారని అప్పుడు గుర్తు రాలేదు. లిఫ్టు మా దగ్గర ఎన్నిసార్లు ఆగుతుందో, అన్నిసార్లూ ఆ కాకి కనిపించింది. ఇంగ్లిషు అక్షరాలు మూడు ఎక్స్‌లు పెడదామనుకున్నాను, అది చూసిన మా అమ్మాయి "అమ్మా, అది ఫైల్లో ఉండిపోతే?" అంది. పిల్ల ముందుచూపు గలది. ఈ ముచ్చట నడుస్తుండగానే మళ్లీ ఫోన్ మోగింది. "అమ్మా, 'సంవత్సరం'లో..." ఆ క్షణాన నా వేళ్లు వాటంతటవే "దున్నపోతు" అని కొట్టాయి.

ఆ మాటే ఎందుకు తట్టిందని మా ఆయన రాత్రి నుంచి అడుగుతున్నారు. నేను జవాబు చెప్పడం లేదు. అపార్ట్‌మెంట్ నివేదికలో దున్నపోతు అనే మాట పొరపాటున కూడా రాదు కదా, అందుకు పెట్టాను. అంతే.

అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఐదుసార్లు కట్టాను, ఐదుసార్లు వెతికి పట్టుకుని విప్పేశాను. ఆరోసారి శుక్రవారం రాత్రి. వర్షాకాలం పనుల గురించి ఒక పేరా అప్పటికే రాసి ఉంది. "సెల్లార్‌లోకి వాన నీళ్లు రాకుండా మన అధ్యక్షులు స్వయంగా దగ్గరుండి మురుగు కాలువ శుభ్రం చేయించారు." అధ్యక్షులు తర్వాత ఆయన పేరు చేర్చాలి. పేరుకు ముందు "గౌరవనీయులు" పెట్టాలా, "శ్రీ" సరిపోతుందా అని కర్సర్ అక్కడ పెట్టుకుని ఆలోచిస్తున్నాను. సాక్షాత్తూ ఆయనే ఫోన్ చేశారు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒంటి చేత్తో దున్నపోతును అక్కడ కట్టేసి వెతకడానికి పోయాను.

ఇక్కడ నా టైపింగ్ సంగతి కొంచెం చెప్పాలి. నేను కొట్టేది ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకున్న మనవాళ్లు తయారుచేశారు, ఆర్ అంటే ఆ రైసే. అందులో చిన్న ఓ కొడితే ఒత్వం వస్తుంది. షిఫ్టు నొక్కిపెట్టి పెద్ద ఓ కొడితే ఓత్వం. ఒంటి చేత్తో షిఫ్టు అందలేదు. పడింది దున్నపోతు కాదు, దున్నపొతు.

కంప్యూటర్‌కు ఈ రెండూ వేరు వేరు జంతువులు. తిరిగొచ్చి దున్నపోతును వెతికితే లేదంది. సరే, ఈసారి హడావిడిలో కట్టడం మర్చిపోయాననుకుని, చేత్తో దొర్లించుకుంటూ వెళ్లి పార్కింగ్ దగ్గర తేలి, అక్కడి నుంచి రాసుకుపోయాను. శనివారం అంతా అయ్యాక జాగ్రత్త కోసం మరొక్కసారి వెతికాను. సున్నా. దొడ్డి ఖాళీ అని తృప్తిగా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ షాపుకు పోయాను. స్పెల్ చెక్ ఉందిగా అంటారేమో, దాన్ని ఆపేసి చాలా కాలమైంది. మాస్టారుండగా రెండో మనిషి ఎందుకని.

50 కాపీలు. పిన్ను కొట్టి అందరికీ పంచాను.

నివేదిక సెక్రటరీ చదవాలి. కానీ మా దగ్గర అధ్యక్షులు చదువుతారు, ఉచ్చారణ కోసం. మాస్టారు చదవడమంటే ఊరికే చదవడం కాదు. కామా దగ్గర కామా అంత, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్ అంత ఆగుతారు. "బోరు మోటారు రివైండింగ్ నిమిత్తం" అన్న ముక్కను ఆయన నోట వింటే ఏదో పద్యానికి ప్రతిపదార్థం చెబుతున్నట్టుంటుంది. జనం కాపీలు ఒళ్లో పెట్టుకుని బజ్జీలు తింటున్నారు. నేను నా కాపీలో ఆయనకంటే నాలుగు లైన్లు ముందు నడుస్తున్నాను, ఎవరైనా తమ ఫ్లాట్ నంబరు చూసి లేస్తారేమోనని.

వర్షాకాలం పేరా వచ్చింది. చూశాను.

ఆ నాలుగు లైన్లు ఎంత పొడుగో ఎవరికి చెప్పినా అర్థం కాదు. మొదటి లైన్లో ఆయన సంపు మూత గురించి చదువుతుండగా, మైకు తీగ నా కుర్చీ కాలి పక్కనుంచే పోతోందని గమనించాను. కాలితో లాగితే ఊడుతుందా? ఊడినా ఆయనకు మైకు ఎందుకు, ముప్పై ఏళ్లు వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు. రెండో లైన్లో దగ్గాను. వాచ్‌మన్ భార్య పాపం మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాల్సి వచ్చింది. మూడో లైన్లో కరెంటు పోతే బాగుండునని మొక్కుకున్నాను. ఏడాది పొడుగునా పోయే కరెంటు, నివేదికలో నేనే రెండు పేజీలు తిట్టిన కరెంటు, నిన్న సాయంత్రం నిశ్చలంగా వెలుగుతూ ఉంది. నాలుగో లైన్లో 302 వాళ్ల పిల్లాడు, ఐదో తరగతి, తన తల్లి కాపీలో వేలు పెట్టి ఏదో చూపించి కిసుక్కుమన్నాడు. వాడికి చదవడం నేర్పింది మాస్టారే, సెలవుల్లో, ఉచితంగా.

"సెల్లార్‌లోకి, వాన నీళ్లు రాకుండా, మన అధ్యక్షులు..."

ఆగారు. అక్కడ కామా లేదు. కళ్లద్దాలు తీసి కండువాతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. కాగితం దూరంగా పట్టి చూశారు, దగ్గరగా పట్టి చూశారు. సెల్లార్‌లో బజ్జీ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. 50 కాపీలు ఒకేసారి ఒళ్లోంచి పైకి లేచిన గరగర మాత్రం వినిపించింది. ఉన్నది ఉన్నట్టు, ఒత్వంతోనే, స్పష్టంగా చదివారు.

"...మన అధ్యక్షులు దున్నపొతు స్వయంగా దగ్గరుండి మురుగు కాలువ శుభ్రం చేయించారు."

తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మా, ఇది తప్పు."

నేను లేచి నిలబడ్డాను. పోయినేడు లేచినందుకే ఇంత దూరం వచ్చింది, అయినా కాళ్లు లేచాయి.

"దున్నపోతు," అన్నారు ఆయన. "ఓత్వం ఉండాలి."

జేబులోంచి ఎర్ర పెన్ను తీసి దిద్దారు. దిద్ది, సభ వైపు చూసి, "అందరూ మీ మీ కాపీల్లో సరిచేసుకోండి" అన్నారు. ఒట్టు, 48 ఫ్లాట్ల వాళ్లూ సరిచేసుకున్నారు. పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లను అడిగి తీసుకున్నారు. మెయింటెనెన్స్ ఆరు నెలలుగా కట్టని 405 ఆయన కూడా శ్రద్ధగా దిద్దాడు. ఆయన ఏ మాటనైనా మొదటిసారి విన్నది అదే. సెక్రటరీగా ఏడాదంతా నేను ఆయనకు చెప్పిందంతా దున్నపోతు మీద వానే కదా. ఈ సామెత ఇంకెప్పుడూ వాడకూడదని అనుకున్నాను, వచ్చేసింది.

మాస్టారికి అర్థమై అలా అన్నారా, అర్థం కాకనా? ముఖంలో ఏమీ దొరకలేదు. పార్కింగ్ పేరాలోకి వెళ్లిపోయారు.

బజ్జీల దగ్గర మా జాయింట్ సెక్రటరీ వచ్చాడు. మూడో అంతస్తు అబ్బాయి, సాఫ్ట్‌వేర్. ఏడాదిలో సంతకం తప్ప ఏమీ చేయలేదు. సంగతంతా విని, నోట్లో మిరపకాయ పెట్టుకునే, "అయ్యో ఆంటీ, షిఫ్ట్ ఎఫ్5 కొట్టాల్సింది కదా" అన్నాడు. వర్డ్‌కు మనం చివరగా మార్పులు చేసిన మూడు చోట్లు గుర్తుంటాయట. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే ఒక్కో చోటికీ వెనక్కి తీసుకెళ్తుందట. వెతికిన చోట ఏదైనా దిద్దివుంటే రెండుసార్లు నొక్కాల్సి రావచ్చట. కంట్రోల్, ఆల్ట్, జెడ్ కలిపి కొట్టినా అదే పనట. వర్డ్ లాంటిదే లిబ్రాఫీస్ అని ఇంకొకటుందట, అందులో కూడా అదే మీట ఉంది కానీ దాని పని వేరట, అది ఫైలు తెరిచాక నొక్కితే కిందటిసారి సేవ్ చేసినప్పుడు ఉన్న చోటికి పంపుతుందట. ఇంకా చెబుతూనే ఉన్నాడు. 23 పేజీలు రాసేటప్పుడు ఈ విజ్ఞానం ఎక్కడ దాచుకున్నావు నాయనా అని అడిగితే, "మీరు అడగలేదు కదా ఆంటీ" అన్నాడు. మిగతా బజ్జీలన్నీ వాడే తిన్నాడు.

ఇంటికొచ్చి ముందు అదే చేశాను. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5 నొక్కాను. తెర వెలుతురు తగ్గింది. మళ్లీ నొక్కాను. ఇంకా తగ్గింది. ఈ ల్యాప్‌టాప్‌లో ఆ మీటకు వెలుతురు తగ్గించే ఉద్యోగం ఇచ్చారు, ఎఫ్5 కావాలంటే మూలనున్న ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. అంటే మూడు వేళ్లు. మెడ కింద ఫోన్‌తో. మొత్తానికి ఓత్వం దగ్గరా షిఫ్టే, వెనక్కి రావడం దగ్గరా షిఫ్టే, రెండు చోట్లా నాకు అందనిది అదే.

ఇప్పుడు మినిట్స్ రాస్తున్నాను. నిన్న నివేదిక ఆమోదానికి పెట్టినప్పుడు మాస్టారు "సవరణతో సహా" అన్నారు. 201 వాళ్లు ప్రతిపాదించారు. ట్రెజరర్ గారు కునుకు తీస్తున్నవారు ఉలిక్కిపడి "బలపరుస్తున్నాను" అన్నారు. ఏకగ్రీవం. సవరణ ఏమిటో మినిట్స్‌లో వివరంగా రాయాలి, రూలుంది. "3వ అంశం: నివేదికలో అధ్యక్షుల వారిని గురించిన వాక్యంలో" దాకా రాశాను. ఆ తర్వాత ఎలా రాయాలో తోచక కర్సర్ అక్కడే పెట్టుకుని కూర్చున్నాను.

ఫోన్ మోగుతోంది. మాస్టారే.