సవరణ: లండన్ హ్యాకథాన్ వేళలు మన టైమ్‌లో

హ్యాకథాన్ (గంటల తరబడి కూర్చుని కోడ్ రాసే పోటీ) గురించి మొన్నటి పోస్టులో "2026 అక్టోబర్ 24, శనివారం ఉదయం 9కి మొదలు, 24 గంటలు" అని ఉంది కదా, అది లండన్ ఆఫీసు టైమ్. మనకు తిరుపతిలో మధ్యాహ్నం ఒకటిన్నర. ముగింపు కూడా అక్కడి ఆదివారం 9కే అనుకుని చాలామంది ప్లాన్ వేసుకుంటున్నారు, కాదండీ. ఆ తెల్లవారుజామునే బ్రిటన్‌లో గడియారాలు వెనక్కి తిప్పుతారు, 2 కాగానే మళ్లీ 1 అవుతుంది, అప్పుడు మనకు ఉదయం ఆరున్నర, అక్కడి నుంచి మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటలు కాస్తా ఐదున్నర అవుతుంది. కాబట్టి 24 గంటలు నిండేసరికి మనకు ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరే, వాళ్ల గోడ గడియారంలో మాత్రం 8. కోడ్ పంపడానికి ఇంకో గంట ఉందిలే అని ధీమాగా కూర్చోకండి, రాత్రంతా కష్టపడి చివర్లో పోగొట్టుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

వెళ్లేవాళ్లు ప్లగ్ అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి, అక్కడి సాకెట్లలో మన గుండ్రటి పిన్నులు దూరవు. ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో కలిసేవాళ్లకు ఒక్క మాట: అక్టోబర్ ఆఖరంటే మనవైపు వానల రోజులు, కరెంటు పోవచ్చు, లాప్‌టాప్‌తో పాటు హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌కి కూడా ముందే ఫుల్ ఛార్జింగ్ పెట్టుకోండి.