నా ప్యాకెట్ మీదికి ఎవరి అమ్మమ్మని తెస్తారు?

నిన్న సాయంత్రం నా వాట్సాప్‌కి ఒక ముసలావిడ ఫోటో వచ్చింది. ఎర్రంచు పట్టుచీర, మెడలో కాసులపేరు, రెండు ముక్కుపుడకలు, నున్నగా దువ్విన తెల్లజుట్టు. ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, పళ్ళెం నిండా కుంకుడుకాయలు. నవ్వుతోంది. కింద మెసేజ్: "మేడమ్, మీ బ్రాండ్‌కి అమ్మమ్మ రెడీ. ఓకేనా?"

ఆవిడ ఈ భూమ్మీద పుట్టలేదు. కంప్యూటర్ గీసిన మనిషి. పక్కన "మా అమ్మమ్మ చేతి రహస్యం, 1942 నుంచి" అని కూడా రాసి పంపాడు, నాకు బ్రాండ్ పాఠం చెప్పిన ఒక అబ్బాయి. నేను ఈ కుంకుడు సీకాయ పొడి పని మొదలుపెట్టింది 2009లో.

కోపం చల్లారాక రాయమని మా ఆయన అన్నాడు. తెల్లారింది కానీ కోపం చల్లారలేదు. రాసేస్తున్నాను.

పోయిన శనివారం విజయవాడలో ఒక హోటల్లో చిన్న పరిశ్రమల వాళ్ళకి ఒకరోజు శిక్షణ అంటే వెళ్ళాను. బ్రాండ్ ఎలా కట్టాలి, ఎలా పెంచాలి అన్నది విషయం. ఫీజు 2,500. ఆ రోజు యూనిట్ మూసి, అయిదుగురు ఆడవాళ్ళకి కూలి ఊరికే ఇచ్చి మరీ వెళ్ళాను. పాఠం చెప్పిన అబ్బాయి ఒక్కొక్కరిని లేపి "మీ స్టోరీ ఏంటి?" అని అడిగాడు. తెనాలిలో కుంకుడు సీకాయ పొడి, సున్నిపిండి చేస్తామని చెప్పాను. పదహారేళ్ళుగా అదే పని అన్నాను. "అది బిజినెస్ మేడమ్, స్టోరీ కాదు. మీకెవరు నేర్పారు? అమ్మమ్మా, నానమ్మా?" అన్నాడు. పిండిమరలో పనిచేసే తాత నేర్పాడన్నాను. హాలంతా నవ్వారు. "మరలో తాతకి మార్కెట్ లేదు మేడమ్, అమ్మమ్మని పెడదాం" అన్నాడు.

ఆ తాత గురించి చెప్పాలి. మొదటి ఏడాది నా పొడి రాయిలా గడ్డకట్టేది. వానాకాలం వస్తే ప్యాకెట్‌ని గోడకేసి కొట్టినా పగిలేది కాదు. రెండు బస్తాల సరుకు కాలవలో పోశాను. అప్పుడు ఆ తాత ఒక కుంకుడు పెంకు తీసుకుని వేళ్ళ మధ్య వంచి చూపించాడు. "ఇది వంగుతోందమ్మా, విరగాలి. టప్‌మని విరిగిందాకా ఎండబెట్టు. వంగే కాయ మరలో జిగురవుతుంది" అన్నాడు. గింజ తీసిన కాయ మరుసటి రోజు కూడా ఎండలో ఉండాలని, సీకాయని దానితో కలిపి ఆడించకుండా వేరే ఆడించాలని, మెంతులు చివర్లో వేయాలని చెప్పింది ఆయనే. ఆ పొడి ఘాటుకి తుమ్మితుమ్మి ఆయన కళ్ళు ఎర్రబడేవి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆడించేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. నా బ్రాండ్‌కి పునాది ఏదైనా ఉందంటే ఆ టప్ అనే చప్పుడే. దానికి మార్కెట్ లేదట!

ఇక మా అమ్మమ్మ సంగతి. మా అమ్మమ్మ గుంటూరులో పొగాకు గ్రేడింగుకి కూలికి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొస్తే జుట్టంతా పొగాకు ఘాటు. పక్కన పడుకుంటే నాకు తల తిరిగేది. కుంకుళ్ళు అవతలి వీధిలో పెరట్లో చెట్టున్న వాళ్ళ ఇంట్లో ఉండేవి, మా ఇంట్లో కాదు. కొనాలంటే డబ్బులు, కొట్టి నానబెట్టి రసం తీయాలంటే తీరిక. ఆమెకి రెండూ లేవు. బట్టలు ఉతకగా అరిగిన సబ్బుముక్కతోనే తల రుద్దుకునేది. జుట్టు పీచులా ఉండేది. రహస్యం అంటే ఇదీ మా అమ్మమ్మది. వేయండి ప్యాకెట్ మీద.

ఆమె తలకి మొదటిసారి నురగ చూసింది అర్ధరూపాయి చిక్ షాంపూ ప్యాకెట్ వచ్చాక. ఆ చిన్న ప్యాకెట్‌ని కూడా ఒక్కసారికే వాడేది కాదు. సగం పిండుకుని, మూల మడిచి, పిన్నీసు గుచ్చి గూట్లో దాచేది. కుంకుడు పొడి అమ్ముకునేదాన్ని షాంపూని పొగుడుతున్నానని మీకు అనిపించొచ్చు. పొగుడుతాను. మా అమ్మమ్మ తల నుంచి పొగాకు వాసన పోగొట్టిన వస్తువుని నేను ఎలా తిడతాను?

ఆ శిక్షణలో చిక్ గురించి కూడా చెప్పాడు, అదే నాకు అన్నిటికన్నా మండింది. "స్టోరీ టెల్లింగ్ పవర్" అని ఒక స్లైడు వేసి, రెండు నిమిషాల్లో ముగించాడు. అసలు జరిగింది ఏంటి? కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన, డబ్బున్నవాళ్ళు వాడేది కూలీవాళ్ళు, రిక్షావాళ్ళు కూడా వాడగలగాలని సరుకుని చిన్న చిన్న ప్యాకెట్లలో పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ అన్నదమ్ముల వ్యాపారం లోంచి బయటికొచ్చి 1983లో 15,000 రూపాయలతో సొంతంగా పెట్టుకున్నాడు. షాంపూకి చిక్ అన్న పేరు తండ్రి పేరు నుంచే తీశాడు. షాంపూ అంటే ఏంటో తెలియని పల్లెలకి మనుషుల్ని పంపి, పిల్లల తలలకి అక్కడికక్కడే రాసి కడిగించి, జుట్టు ముట్టుకుని వాసన చూడమన్నారు. ఏ కంపెనీవైనా అయిదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఊరికే ఇచ్చారు. జనానికి అలవాటయ్యాక చిక్ ఖాళీ ప్యాకెట్లు మాత్రమే తీసుకున్నారు. ఆ కంపెనీయే ఇవాళ కెవిన్‌కేర్. నా పొడికి ఎదురుగా షాపుల్లో నిలబడే మీరా కూడా వాళ్ళదే, కాబట్టి వాళ్ళమీద నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. కానీ ఇందులో స్టోరీ ఎక్కడుంది? తల కడగడం ఉంది. ఊళ్ళు తిరగడం ఉంది. కూలి మనిషి జేబులో ఎంత ఉంటుందో లెక్క ఉంది.

ఖాళీ ప్యాకెట్లు ఇవాళ మా ఊరి కాలవల్లో ఎలా పేరుకున్నాయో నాకూ తెలుసు. నేను వేసే పది గ్రాముల ప్యాకెట్‌దీ అదే ప్లాస్టిక్కు, దానికి మారుగా దొరికేది ఇంకా దొరకలేదు. అది వేరే పోస్టు.

ఆ అబ్బాయి ఇంకో సలహా ఇచ్చాడు. పొడిని గాజు సీసాలో పెట్టి 499కి అమ్మమన్నాడు. ఇప్పుడు నా వంద గ్రాములు అరవై రూపాయలు. లోపల పొడి అదే, మనిషి మారక్కర్లేదు, మర మారక్కర్లేదు, అమ్మమ్మ బొమ్మ ఒక్కటి పడితే చాలట. అంటే నా అయిదు రూపాయల ప్యాకెట్ కొనే హాస్టల్ పిల్లలు ఏం కావాలి? నాకు మొదట వ్యాపారం ఇచ్చింది గుంటూరు లేడీస్ హాస్టల్ పిల్లలే. వాళ్ళలో ఒకమ్మాయి "ఆంటీ, కడిగాక కూడా జుట్టులో దుమ్ములా మిగులుతోంది" అని ఫోన్ చేసింది. ఆ ఒక్క ఫోన్‌తో జల్లెడ మార్చాను, తర్వాత పలచటి గుడ్డలో జల్లించడం పెట్టాను. పని రెట్టింపయింది. మరుసటి నెల అదే హాస్టల్ నుంచి మూడింతల ఆర్డరు. మొదటి ప్యాకెట్‌ని ఎవరైనా అమ్మగలరు, డిస్కౌంట్ ఇస్తే పోతుంది, బొమ్మ వేసినా పోతుంది. ఖాళీ అయ్యాక మళ్ళీ వచ్చి అడిగేది లోపలున్న పొడి బాగుంటేనే. నేను ఎన్నేళ్ళయినా పుస్తకంలో రాసుకునేది ఆ రెండోసారి వచ్చినవాళ్ళ లెక్కే.

ప్యాకెట్ మీద మనిషి బొమ్మ తప్పని నేను అనట్లేదు. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి దగ్గరే బట్టల పొడి కలిపి సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మాడు. దానికి నిర్మా అని పెట్టింది ప్రమాదంలో పోయిన కూతురు నిరుపమ పేరు. ఆ తెల్లగౌను పిల్లని చూస్తే నాకు ఇప్పటికీ గుండె బరువవుతుంది. ఒక తండ్రి తన బిడ్డ పేరు ప్రతి ఇంటి బావిగట్టు దాకా మోసుకెళ్ళాడు. దాని పక్కన ఈ కంప్యూటర్ అమ్మమ్మని పెట్టి చూడండి.

మనవాళ్ళలోనే చూద్దాం. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారు. రాసుకుని చూడండి, తగ్గితే కొనండి అనే ధైర్యం అది. ఆ వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక తెచ్చారు. తలనొప్పి మందు అమ్మి తెలుగువాళ్ళకి పత్రిక ఇచ్చిన మనిషి మన జిల్లా పక్కవాడు. ఆ హాల్లో పదిగంటల శిక్షణలో ఆయన పేరు ఒక్కసారి వినపడలేదు.

ఇంతకీ నాకు అసలు మంట ఇంకోటి ఉంది, దాన్ని దాచుకోలేను. ఆ శిక్షణ పెట్టించిన వాళ్ళలో ఒక సూపర్ మార్కెట్ వాళ్ళు ఉన్నారు. పేరు రాయను. వాళ్ళ బ్యానర్ కింద కూర్చుని భోజనం చేస్తుంటే ముద్ద దిగలేదు. నాలుగేళ్ళ కిందట వాళ్ళే మా యూనిట్‌కి వచ్చారు. "మీ సరుకు బాగుందమ్మా, అన్ని షాపుల్లో పెడతాం" అన్నారు. నేను పొంగిపోయి ఎక్కడి నుంచి సరుకు తెస్తానో, పాడేరు వైపు సంతల్లో ఏ నెలలో కాయ బాగుంటుందో అన్నీ చెప్పాను. షాపులో పెట్టడానికి ముందు డబ్బు కట్టించుకున్నారు. కింది అరలో, చీపుర్ల పక్కన పెట్టారు. ఏడాది తిరక్కుండా సరిగ్గా కంటి ఎత్తున వాళ్ళ సొంత కుంకుడు పొడి వచ్చింది. అదే ఆకుపచ్చ, అదే సైజు, నాకన్నా పన్నెండు రూపాయలు తక్కువ. దాని మీద కూడా ఒక ముసలావిడ బొమ్మ ఉంది! అమ్ముడుపోని నా ప్యాకెట్లు నాకే తిరిగొచ్చాయి, తేమ పట్టి.

బిల్లుల డబ్బు మాత్రం ఇంకా రాలేదు. చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 నాటి చట్టం ఉంది. ఆలస్యమైతే వడ్డీ కట్టాలనీ ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్నులో కూడా నిబంధన వచ్చింది: మనకి గడువులోపు కట్టకుండా ఏడాది దాటిస్తే ఆ ఏడాది ఆ ఖర్చుని వాళ్ళు లెక్కలో చూపించుకోలేరు. అది వచ్చాక వాళ్ళ అకౌంట్స్ అబ్బాయి నాకు ఫోన్ చేసి ఏమడిగాడో తెలుసా? "మేడమ్, మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోగలరా? అప్పుడు ఆర్డర్లు ఇస్తాం" అని. నాది చిన్న యూనిట్ అని ప్రభుత్వం దగ్గర నమోదైన కాగితం అది. నాకు రక్షణగా ఉన్న ఆ ఒక్క కాగితాన్ని నా చేత్తోనే చింపుకోమన్నారు. ఆ రోజు ఫోన్ పెట్టేసి, పొడి బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. మా ఆడవాళ్ళు టీ తెచ్చి ఇచ్చి ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు.

చిన్న బ్రాండు ఎందుకు ఎదగదో చెప్పడానికి ఒకరోజు శిక్షణ అక్కర్లేదు. మూడు నెలల సరుకు డబ్బు ఇంకొకరి బ్యాంకులో పడుకుంటే, సీజన్లో కాయ కొనడానికి నేను వడ్డీకి తెస్తాను. ఆ వడ్డీ కట్టేసరికి లాభం పోతుంది. అమ్మమ్మ బొమ్మ దీన్ని ఎలా తీరుస్తుంది?

మా అమ్మమ్మ ఫోటో నా దగ్గర ఒక్కటే ఉంది, రేషన్ కార్డుకి తీయించినది. నేత చీర, మెడలో పసుపుతాడు, చెదిరిన జుట్టు. అందులో ఆమె నవ్వలేదు. ఆ ఫోటో నా బీరువాలోనే ఉంటుంది. ప్యాకెట్ మీద ఇప్పుడున్నట్టే పేరు, తూకం, ధర, ఏమేం కలిపామో తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంటాయి. ప్రింటర్‌కి పొద్దున్నే ఫోన్ చేసి పాత డిజైనే వేయమన్నాను. ఆ అబ్బాయికి "వద్దు బాబూ" అని జవాబిచ్చాను.

సోమవారం పదింటికి బిల్లులన్నీ పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్తున్నా, ఆ బాకీ మీద చిన్న పరిశ్రమల కోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్లో ఫిర్యాదు పెట్టించడానికి. తెనాలి, గుంటూరు, విజయవాడల్లో ఇలాగే డబ్బు ఇరుక్కుపోయిన పచ్చళ్ళవాళ్ళు, పొడులవాళ్ళు, అగరబత్తీలవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. డెలివరీ చలాన్లు, బిల్లులు జిరాక్స్ తీసుకుని రండి. కలిసే వెళ్దాం.