డబ్ల్యూఎల్ అంటే వరంగలే

దసరా సెలవుల్లో మంచిర్యాల పోవాలన్నది కాజీపేట అల్లుడి ఆలోచన. ఆలోచనలో వంక పెట్టడానికేం లేదు. గోదావరి ఒడ్డున ఊరు, చుట్టూ అడవి, గుట్టలు, వాగులు. ఇదే పని మే నెలలో చేస్తే 45 డిగ్రీల ఎండలో జలపాతం పేరు చెప్పుకొని ఎండిన బండలు చూసి రావాలి. వానలు తగ్గి వాగుల్లో నీళ్ళున్న రోజులే దీనికి సరైనవి. అల్లుడు పగటి బండికి ఆరు సీట్లు బుక్ చేసి, టికెట్టును ఫోన్లో అందరికీ పంపి, ‘చూసుకోండ్రి’ అన్నాడు. చూసుకోమంటే చూసుకునే మనిషి వరంగల్ కరీమాబాద్‌లో ఉన్న మామ. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని మరీ చూశాడు.

టికెట్టు మీద ‘డబ్ల్యూఎల్ 4’ అని ఉంది.

ఇక్కడ రైల్వేవాళ్ళ మీద ఒక ఫిర్యాదు చేయక తప్పదు. ప్రతి స్టేషనుకూ ఒక పొట్టి పేరుంటుంది. కాజీపేటకు కేజెడ్‌జే, మంచిర్యాలకు ఎంసీఐ. వరంగల్‌కు డబ్ల్యూఎల్. వెయిటింగ్ లిస్టుకూ డబ్ల్యూఎల్లే. దేశంలో ఇన్ని అక్షరాల జతలుండగా ఓరుగల్లుకే ఈ రాత ఎందుకు రాశారో గానీ, మామ మాత్రం ‘వరంగల్, నాలుగో డబ్బ’ అని చదువుకున్నాడు. పక్కనే ఇప్పుడు సీటు ఖాయమైందని చెప్పే ‘సీఎన్‌ఎఫ్’ కూడా ఉంది. అది ఆయనకు పట్టలేదు. పైన ఎక్కే స్టేషను కాజీపేట అని స్పష్టంగా ఉంది. దాన్ని ‘అల్లుని ఇల్లు ఆడ్నే గద, అందుకే రాసిన్రు’ అని సర్దుకున్నాడు.

ఈ పొరపాటుకు ఆయన్నొక్కణ్ణే అనలేం. హైదరాబాదు పోయొచ్చే వరంగల్ మనిషికి కాజీపేట, వరంగల్ ఒక బండి ఆగే రెండు చోట్లు, అంతే. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే బండి ముందు కాజీపేటలో ఆగుతుంది, కాసేపటికి వరంగల్‌లో ఆగుతుంది. ఎక్కడ దిగినా ఇల్లే. కానీ కాజీపేట దగ్గర పట్టాలు మూడు దిక్కులకు చీలుతాయి. సికింద్రాబాద్ నుంచి వచ్చి మంచిర్యాల, కాగజ్‌నగర్ వైపు పోయేది కాజీపేటలోనే ఉత్తరానికి మళ్ళుతుంది, వరంగల్ మొహం కూడా చూడదు. విజయవాడ వైపు నుంచి ఢిల్లీ పోయే బండ్లు చాలామటుకు దీనికి ఉల్టా. వరంగల్‌లో ఆగుతాయి, కాజీపేట స్టేషను గడప తొక్కకుండా పక్క లైను మీదుగా హసన్‌పర్తి వైపు తిరిగిపోతాయి. కాబట్టి మంచిర్యాల బండి అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఎప్పుడొస్తదని కాదు, ఎటు నుంచి వస్తదని.

ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పొద్దున ఫోను మోగింది.

“మామా, ఏడున్నరు?”

“ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీద.”

“మేం గూడ ఒకటో నంబర్ మీదనే ఉన్నం. కనవడ్తలేరేంది?”

“మేమా? ఇడ్లి బండి పక్క పొంటి.”

“మేం గూడ ఇడ్లి బండి కాడనే ఉన్నం మామా!”

ఇద్దరూ తమ తమ ఇడ్లి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. వరంగల్ ఇడ్లి బండాయన కంగారుపడి ఇంకో గంటె చట్నీ వేశాడు. అప్పుడు అల్లుడి ఫోనులోంచి మైకు వినబడింది: “కాజీపేట జంక్షన్...” మామ నోట మాట లేదు. పక్కనున్న అత్తమ్మ మాత్రం అంది, “నేను రాత్రే అన్న, ఓపారి బిడ్డకు ఫోన్ చెయ్యిమని.”

బండికి పన్నెండు నిమిషాలుంది. రెండు స్టేషన్ల నడుమ పది కిలోమీటర్లు. రైలుకు అది లెక్కే కాదు. ఆటోకు మాత్రం హన్మకొండ చౌరస్తా ఉంది, సుబేదారి ఉంది, అన్నీ దాటాక ఫాతిమానగర్ బ్రిడ్జి ఉంది. అల్లుడు, బిడ్డ, ఇద్దరు పిల్లలు, ఆరుగురి టికెట్టు రైలెక్కారు. మామ, అత్తమ్మ, ఆరుగురి సద్ది ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయారు.

ఆ సద్ది సంగతి కొంచెం చెప్పుకోవాలి. ప్రయాణపు పులిహోర అందరికీ కుదరదు. అన్నం వేడిమీద డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీరై కారి సాయంత్రానికి వాసన కొడుతుంది. అత్తమ్మ అన్నాన్ని పెద్ద పళ్ళెంలో పరిచి, నూనె, పసుపు కలిపి చల్లారబెట్టింది. చింతపండు గుజ్జును నూనె పైకి తేలేదాకా ఉడికించి అప్పుడు కలిపింది. ఆరుగురికి కిలో బియ్యం చాలు, ఆమె రెండు కిలోలు వండింది. పెరుగన్నానికీ ఆమె ఉపాయం ఆమెకుంది. కాచి చల్లార్చిన పాలు పోసి చెంచాడు పెరుగే వేసింది, మధ్యాహ్నానికి కమ్మగా తోడుకోవాలని.

ఇద్దరూ హన్మకొండ బస్టాండుకు పోయి గోదావరిఖని మీదుగా పోయే బస్సెక్కారు. మహాలక్ష్మి పథకం పుణ్యాన అత్తమ్మ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుంది. మామ పైసలిచ్చాడు. కండక్టరు చిల్లర అడిగితే లేదన్నాడు. “రైలు పైసలు వాయె, బస్సు పైసలు వాయె. నావి మాత్రం పోలే,” అని అత్తమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుంది. సంచి పట్టే చోటు లేక డ్రైవరు పక్కనున్న ఇంజిన్ బానెట్టు మీద పెట్టించింది. పులిహోరకు ఆ సెగ పెద్ద లెక్క కాదు. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నం తోడుకోవాల్సింది పెద్దపల్లి జిల్లా దాటకముందే పులిసిపోయింది.

గోదావరిఖని దాటగానే వంతెన. గోదావరి కనబడితే రూపాయి వేయకుండా ఊరుకునే మనిషి కాదు మామ. జేబులోంచి తీసి విసిరాడు. నాణెం కిటికీ కమ్మీకి తగిలి టింగుమని లేచి, వెనక్కి వచ్చి కండక్టరు కాళ్ళ దగ్గర పడింది.

“చిల్లర లేదంటివి గద పెద్దాయనా!”

రైలుకు రెండు గంటలు పట్టే దారి బస్సుకు దగ్గర దగ్గర రెట్టింపు పట్టింది. మంచిర్యాలలో పిల్లలు అప్పటికి మూడేసి బిస్కెట్ పొట్లాలు లాగించి ఏడుపు మొహాలతో ఉన్నారు. అయినా మామ తగ్గలేదు. “ముందుగాల కుంటాల జలపాతం కాడికి పోదాం. ఆడ్నే తిందాం.”

ఆటో డ్రైవరు బండి ఆపేసి మరీ నవ్వాడు. “కుంటాలనా? నేరడిగొండ కాడ గద సారూ! నిర్మల్ దాటి పోవాలె.”

“గదంత ఒక్క జిల్లానే గద?”

“ఒక్క జిల్లానే ఉండె. 2016ల నాలుగు ముక్కలు చేసిన్రు గద.”

మామ చదువుకున్న నాటి ఆదిలాబాద్ జిల్లా 16 వేల చదరపు కిలోమీటర్లు. మంచిర్యాల, కుంటాల రెండూ అందులోనే ఉన్నాయి, హైదరాబాదూ అమెరికా రెండూ భూమి మీదే ఉన్నట్టు. లక్సెట్టిపేట, జన్నారం, ఖానాపూర్, నిర్మల్ దాటి పోతే గానీ ఆ జలపాతం రాదు. అక్కడికి చేరాక కూడా కిందికి వందల మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. గుండంలో లోతు ఎంతుందో పైకి తెలియదు, దిగితే ప్రాణం మీదికొస్తుంది. ఒక పూటలో అయ్యే పని కాదు. రెండు రోజులుంటే మొదటి రాత్రి జన్నారంలో ఉండి, పొద్దున్నే కవ్వాల్ సఫారీకి పోయి, కడెం ప్రాజెక్టు చూసుకొని, నిర్మల్ మీదుగా కుంటాలకు పోవడం తెలివైన పని. సఫారీలో చుక్కల దుప్పులు, నెమళ్ళు కనబడతాయి. పులి కనబడటం లాటరీ, దాని కోసం డ్రైవరుతో తగవు పెట్టుకోకూడదు. కడెంలో 18 గేట్లుంటే 2022 జూలై వరదకు ఒకటి మొరాయించింది. ఆ లెక్కన సద్ది సంచి జిప్పు మొరాయించడం పెద్ద వింత కాదు. మంచిర్యాలలో ఆటో దగ్గర అది రానే రాలేదు, కత్తెర అరువు తెచ్చి కోయాల్సి వచ్చింది.

మిగిలింది గాంధారి ఖిల్లా. మందమర్రి దారిలో, బొక్కలగుట్ట దగ్గర. పూట సరిపోతుంది గానీ గుట్టెక్కాలి, తాగే నీళ్ళు వెంట మోసుకుపోవాలి, చీకటి పడకముందే అడవి దాటి రావాలి. అత్తమ్మ తన మోకాళ్ళను ఒకసారి చూసుకొని, “నేను రైలెక్కలే, గుట్టెక్కుతనా?” అంది.

చివరికి ఆటో గోదావరి ఒడ్డుకే పోయింది. పులిహోర అద్భుతంగా ఉంది. ఆకలి మీద రెండు కిలోలూ చాలలేదు. పెరుగన్నం డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేశారు. మామ ఈసారి నాణేన్ని చేత్తో నీళ్ళలో వదిలాడు.

తిరుగు టికెట్టు కూడా అల్లుడు పొద్దున్నే అందరికీ పంపాడు. మామ కళ్ళద్దాలు సర్దుకొని, ఈసారి ఒక్కో అక్షరమే వేలు పెట్టి చదివి, అల్లుణ్ణి పక్కకు పిలిచాడు.

“అల్లుడూ, ఎంసీఐ అంటే మంచిర్యాలనే. కేజెడ్‌జే అంటే మీ కాజీపేట, సమజైంది. మరి ఈ సీఎన్‌ఎఫ్ ఏ ఊరు? నడుమల దిగి బండి మారాల్నా?”