పందిరి కచేరీ టేపులో పాట ఒక్కటే కాదు

కర్ణాటక సంగీతానికి ఇరవయ్యో శతాబ్దం మిగిల్చిన రికార్డింగుల్లో అత్యంత విలువైనవి కంపెనీలు అమ్మినవి కావు, శ్రోతలు ఒళ్లో టేప్ రికార్డర్ పెట్టుకుని తమ కోసం తీసుకున్నవే అని నా అభిప్రాయం. ఇప్పుడు ఈ మాట అనడానికి కారణం ఒక క్యాసెట్. 1980ల్లో బెంగళూరు చామరాజపేటలోని కోట హైస్కూలు మైదానంలో, శ్రీరామనవమి పందిరి కింద, కాలేజీ కుర్రాడిగా నేను విన్న ఒక గాత్ర కచేరీ అది. నా పక్కన కూర్చుని మా పెదనాన్నగారు రికార్డు చేసుకున్న ఆ క్యాసెట్, బసవనగుడిలోని వారి ఇల్లు ఖాళీ చేస్తుండగా ఈ మధ్య బయటపడింది. గాయకుడి కుటుంబాన్ని ఇంకా అడగలేదు కనుక ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు.

శ్రీరామసేవా మండలి 1939లో ప్రారంభించిన ఈ ఉత్సవానికీ, తలుపులు మూసిన సభా మందిరంలో జరిగే కచేరీకీ చాలా తేడా ఉంది. టికెట్ కొన్నవారు పందిరి లోపల కుర్చీల్లో, కొనలేనివారు బయట రోడ్డు వారన కూర్చుని ఒకే గానం వినేవారు. మా వంటి తెలుగు కుటుంబాలకు అక్కడ ఇంకో సంతోషం కూడా ఉండేది. చుట్టూ కన్నడ, తమిళ శ్రోతలు ఉండగా, మనం ఇంట్లో మాట్లాడే భాషలోని సాహిత్యం కచేరీలో సగానికి పైగా వినిపించేది.

కంపెనీల పాత రికార్డుల్లో ఇలాంటి కచేరీ పూర్తిగా పట్టలేదు. పాత 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలకే అయిపోయేది. తర్వాత వచ్చిన ఎల్పీ మీద ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు దొరికినా, ఆలాపన, వయొలిన్ వంతు, కృతి, నెరవల్ (ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా పాడడం), స్వరకల్పన, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అన్నీ ఒక వరుసలో సాగే ప్రధాన అంశం అందులో ఇమడదు. అందుకే స్టూడియోలో గాయకులు కుదించి పాడారు. ఆ కుదింపును కూడా ఒక కళగా సాధించినవారు ఉన్నారు, కాదనను. కానీ వేదిక మీద అప్పటికప్పుడు పుట్టే మనోధర్మం, అంటే ఈ సంగీతంలో సగం, ఆ రికార్డుల్లోకి అరకొరగానే చేరింది. రేడియో కచేరీలకూ గడియారం కట్టుబాటు ఉండనే ఉండేది.

మా పెదనాన్నగారి క్యాసెట్‌లో ప్రధాన అంశం కల్యాణి రాగంలో, మిశ్రచాపు తాళంలో త్యాగరాజు ‘నిధి చాల సుఖమా’. ఆ వయసులో నా చెవి గాయకుడి గొంతు వెంటే పోయేది. ఇన్నేళ్ల తర్వాత టేపులో నన్ను పట్టి నిలిపింది వయొలిన్. గాయకుడు పై షడ్జం ముంగిట ఆగి నిషాదం మీదే చాలాసేపు నిలబడితే, వయొలిన్ ఆయన వదిలిన చివరి పట్టును మెల్లగా అందుకుని, ఆయన మళ్లీ ఊపిరి తీసుకునేలోగా దాన్ని ముగించి వెనక్కి తగ్గుతుంది. నెరవల్‌లో, నరస్తుతి సుఖమా అని త్యాగరాజు అడిగే చోట, గాయకుడు ఆ ప్రశ్నను ఒక్కోసారి ఒక్కో మాట మీద బరువు వేసి అడుగుతాడు. ఒకసారి సాహిత్యం బాగా తెలిసిన పెద్దమనిషి ఎవరో ‘ఆహా’ అంటారు. ఆ వెంటనే గాయకుడు అదే పట్టును ఇంకా నెమ్మదిగా, మంద్రానికి దించి పాడతాడు. ఆ ‘ఆహా’ వల్లనే ఆ మార్పు పుట్టిందని రుజువు చూపలేను గాని, వరుసగా విన్నవారికి మరోలా తోచదు.

శ్రోతల బదులు కూడా సంగీతంలో భాగమేనన్న విషయాన్ని అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ అభిమానులు ఏనాడో గుర్తించారు. 1964 నవంబరు 21న షికాగోలోని రీగల్ థియేటర్‌లో బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ ఇచ్చిన కచేరీ మరుసటి ఏడాది రికార్డుగా వచ్చింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచవలసిన రికార్డింగుల్లో చేర్చింది. అందులో గిటార్ ఒక పలుకు పలకగానే జనం కేకలతో బదులిస్తారు, ఆ కేకల వేడి కింగ్ తర్వాతి వరుసలో తెలుస్తుంది. ఒకరు పిలవడం, మరొకరు బదులు పలకడం అనే పద్ధతి మీదనే ఎదిగిన సంగీతం అది, కాబట్టి జనాన్ని తీసేస్తే ఆ రికార్డుకు అర్థమే ఉండదు. మన కచేరీలోనూ ఆ బదులు ఉంది. భేష్, శభాష్ అనే మాటల్లోనూ, తాళం వేస్తున్న చేతుల్లోనూ, తని ముగింపులో ముందుగానే మొదలయ్యే చప్పట్లలోనూ ఉంది. మన కంపెనీలు చాలాకాలం స్టూడియోనే నమ్ముకోవడం వల్ల దాన్ని నిలిపే పని శ్రోతల చేతిలో పడింది.

అలాగని టేపు చెప్పిందంతా యథాతథంగా నమ్మకూడదు. మా పెదనాన్నగారి రికార్డర్ బ్యాటరీలతో నడిచేది. బ్యాటరీలు నీరసించే కొద్దీ మోటారు నెమ్మదిస్తుంది. అలా నెమ్మదిగా కదిలిన టేపును తర్వాత సరైన వేగంతో, అంటే సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున, తిప్పితే కాలప్రమాణమూ శ్రుతీ రెండూ పెరుగుతాయి. సుమారు 6 శాతం తేడా వచ్చిందంటే ఒకటిన్నర శ్రుతిలో పాడిన గాయకుడు రెండు శ్రుతిలో, అంటే ఒక స్వరస్థానం పైన, పాడినట్టు వినిపిస్తాడు. గొంతు పలచబడుతుంది, గమకాలు హడావుడిగా తోస్తాయి. మైకుసెట్టు నుంచి వచ్చే కరెంటు హోరును 50 హెర్ట్జ్‌కు సరిచూసి వేగం దిద్దవచ్చంటారు. కానీ ఆ రోజుల్లో మన కరెంటు పౌనఃపున్యం నిలకడగా ఉండేది కాదు. గాయకుడు సాధారణంగా ఏ శ్రుతిలో పాడేవారో తెలిసిన శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తంబురాతో పోల్చి దిద్దడమే మేలు. క్యాసెట్ మొదట్లోనూ చివర్లోనూ శ్రుతి వేరువేరుగా ఉంటుంది గనుక ఈ పని ఒక్కసారితో తేలదు.

వేగం దిద్దడం అవసరం. ‘శుభ్రం’ చేయడం మాత్రం వేరే సంగతి. సాఫ్ట్‌వేర్‌తో హోరు, దగ్గులు, రోడ్డు మీది ఆటోల మోత అన్నీ తుడిచేసి, చప్పట్లు కత్తిరించి, పాటను మాత్రమే మిగిల్చే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. హోరుతో పాటు తంబురా నాదమూ, మృదంగం ఎడమ వైపు (తొప్పి) పలికే గుంకీ అనే లోతైన నాదమూ కూడా తరచూ పలచబడతాయి. ఎవరికి నచ్చిన కాపీ వారు చేసుకోవచ్చు, కానీ ఏమీ తీయని మూల ప్రతి ఒకటి తప్పక ఉండాలి. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు ముగిసి, రెండో వైపు తిప్పేలోగా తని ఆవర్తనంలో కొంత పోయింది. మరో కచేరీ ముక్కతో ఆ ఖాళీని అతకడం కూడా నాకు సమ్మతం కాదు.

తొందర పడవలసిన కారణం టేపులోనే ఉంది. 90 నిమిషాల క్యాసెట్‌లోని టేపు మందం సుమారు 12 మైక్రాన్లు. చుట్టలుగా ఏళ్ల తరబడి ఉంటే ఒక పొర మీది ధ్వని పక్క పొరకు అంటుకుని, పాటకు ముందే దాని నీడ వినిపిస్తుంది. తేమకు బూజు పడుతుంది. దాన్ని తిప్పగల మంచి యంత్రాలూ, బాగుచేయగల మనుషులూ తగ్గిపోతున్నారు.

హక్కుల విషయంలో కూడా స్పష్టత అవసరం. సొంతంగా వినడానికి కచేరీని రికార్డు చేసుకోవడాన్ని కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్ అనుమతిస్తుంది. దాన్ని లోకమంతటికీ పంచడం మాత్రం వేరే సంగతి, అక్కడ 1994 సవరణతో వచ్చిన కళాకారుల హక్కు అడ్డు నిలుస్తుంది, నిలవాలి కూడా. చెన్నై మ్యూజిక్ అకాడమీలోని టాగ్ డిజిటల్ శ్రవణ భాండాగారం నాకు నచ్చిన మార్గం. అక్కడికి వెళ్లి వినవచ్చు, కాపీ తీసుకుపోలేరు. కళాకారుడి కుటుంబానికీ శ్రోతకూ మధ్య ఇంతకంటే మర్యాదైన ఒప్పందం నాకు కనిపించడం లేదు. నేనూ అనుమతి దొరికితే ఇలాంటి చోటికే ఇద్దామనుకుంటున్నాను.

అయితే టేపు ఒక్కటి ఇస్తే చాలదు. మా క్యాసెట్ అట్ట మీద గాయకుడి పేరూ, ‘రామనవమి’ అన్న మాటా తప్ప మరేమీ లేవు. మృదంగం ఎవరిదో, కచేరీ చివర పాడిన జావళి ఎవరి రచనో, ఏ సంవత్సరమో అందులో రాయలేదు. ఇవి చెప్పగలవారు ఆ పందిరిలో కూర్చున్న తరమే, వారిలో చాలామందికి ఇప్పుడు ఎనభై దాటింది. వేసవిలో కచేరీలు జరిగే ఆ నెల రోజుల్లో నిర్వాహకులు పందిరి పక్కన ఒక బల్ల వేసి, ఇళ్లలోని క్యాసెట్లు తెచ్చినవారి నుంచి వివరాలు రాసుకుని, ముక్కలుగా వినిపించి, పాత శ్రోతలనూ విద్వాంసుల శిష్యులనూ అడిగి పేర్లు గుర్తింపజేయవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ అవదు. ఒక మంచి క్యాసెట్ డెక్, రెండు హెడ్‌ఫోన్లు, ఒక రిజిస్టరు, సాయంత్రాలు కూర్చోగల ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఉంటే వచ్చే రామనవమికే మొదలుపెట్టవచ్చు.