నడుం నొప్పి వస్తే పని రానట్టేనా?

"ఫిజియోథెరపిస్టుకే నడుం నొప్పా? దీపం కిందే చీకటి!" అంటూ మొదలయ్యే అయిదు పాయింట్ల మెసేజ్ ఒకటి గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. పంపేవాళ్లలో సగం మంది మన ఫిజియోలే కావడం ఇంకా చికాకు.

మొదటి పాయింటు: పోశ్చర్, అంటే ఒంటిని సరిగ్గా ఉంచే తీరు, తెలిసినవాళ్లకు గాయాలు కావట. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో చేసిన సర్వే 2000లో అచ్చయింది. పని వల్ల ఎప్పుడో ఒకప్పుడు నొప్పి పడ్డామని 91 శాతం ఫిజియోలు చెప్పారు. ఆరుగురిలో ఒకరు ఆ కారణంగా విభాగం మారారు, లేదా వృత్తే వదిలేశారు. వాళ్లందరూ పోశ్చర్ క్లాసు ఎగ్గొట్టారంటారా?

వయసు మళ్లినవాళ్లకే వస్తుందట. అదే సర్వేలో చిన్నవయసు వాళ్లకే నొప్పులు ఎక్కువ. నడుం బెల్టు కట్టుకుంటే చాలట. నొప్పి లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా బెల్టును సిఫారసు చేయబోమని పనిచోట భద్రతపై పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ 1994లోనే చెప్పేసింది.

అసలు విషం నాలుగో పాయింటులో ఉంది: "మోకాళ్లు వంచి, నడుం నిటారుగా పెట్టి ఎత్తితే ఎంత బరువైనా ఏమీ కాదు." ఎంత బరువైనానా? అన్నీ అనుకూలంగా ఉంటే పెట్టెకే నియోష్ పరిమితి 23 కిలోలు. పేషెంటును చేతులతో ఎత్తేటప్పుడు సుమారు 16 కిలోలు దాటొద్దంటారు. ఎత్తుతుండగా పెట్టె భయపడి మన మెడ పట్టుకోదు కదా!

హోమ్ విజిట్‌కి వెళ్లి చూడండి. పక్షవాతం వచ్చిన డెబ్బై కిలోల పెద్దాయన, కుంగిపోయిన నవారు మంచం మధ్యలో. ఒక పక్క గోడ, ఇంకో పక్క బీరువా. మోకాళ్లు వంచుదామంటే మంచం పట్టె అడ్డం. ముందుకు వంగి, చేతులు చాచి లాగాల్సిందే. లేపి నిలబెట్టగానే పట్టులేని కాలు మడతపడి ఆయన బరువంతా మన మీదికొస్తుంది. కొడుకేమో వీడియో తీస్తుంటాడు. అప్పుడు నడుం నిటారుగా ఉందో లేదో ఆ వీడియోలో చూసుకోవాలి కాబోలు! ఈ పాయింటు నమ్మితే తప్పంతా ఎత్తినవాడిదే. ఎత్తు మారని బెడ్లు వేసి, సాయానికి మనిషినివ్వని క్లినిక్కుకు ఏ పాపమూ అంటదు.

రోజంతా కీళ్లను నొక్కి అరిగే బొటనవేళ్ల ఊసే మెసేజ్‌లో లేదు.

చివరిది: "పేషెంట్లకు చెప్పే వ్యాయామాలు వీళ్లు చేయరు." ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి నేనే కలుపుతాను. నొప్పొస్తే పేషెంట్లకు అంటించే టేపు మనమే వేసుకుని మధ్యాహ్నం షిఫ్టుకు పోతాం, గాయాల రిజిస్టర్‌లో రాయం. ఎత్తు మార్చుకునే బెడ్ కొనమంటే "ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదుగా" అంటుంది మేనేజ్‌మెంట్. వాళ్ల రికార్డు ప్రకారం నిజమే మరి.